హంసలదీవికి కరెంటు కారులో



విజయవాడలోని మా యింటి గుమ్మమునుండి హంసలదీవికడ కృష్ణ సముద్రములో గలియు చోటికి దాదాపు 110 కిలోమీటర్లు. బస్సున బోవువారుగాని, పెట్రోలు కారులో బోవువారుగాని యీ కొద్ది దూరమును గూర్చి యాలోచింపనైన నాలోచింపరు. ఇట్టి ప్రయాణమును గూర్చి వ్రాయుటకేమున్నదని మీరడుగవచ్చును. మేము పోయినది కరెంటుతో నడచు కారులో. అందుచేత మాకా దారిలో ప్రతి కిలోమీటరును లెక్కపెట్టుకొనవలసివచ్చినది. ఆ లెక్కలో నేను చేసిన పొరపాటును, దానివలన దెలిసిన యొక ముఖ్యమైన సంగతియు గృహిణులకు బనికివచ్చునని తోచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మేమీ కారును 2023వ సంవత్సరము మే నెలలో గొంటిమి. కరెంటు వాహనములపై జీఎస్టీని ప్రభుత్వమువారు 2019 ఆగస్టు 1వ తేదీనుండి నూటికి 12 నుండి 5కు దగ్గించి యుండుటయు, పెట్రోలు లీటరు 110 రూపాయలు దాటుటయు మావారిని తొందరపెట్టినవి. అమ్మినవారు "ఒక్క చార్జికి మూడువందల కిలోమీటర్లు పోవునమ్మా" అని చెప్పిరి. అది వట్టి యబద్ధమని చెప్పజాలను. పరీక్షశాలలో, ఎండవేడి లేనిచోట, మెల్లగా నడపి తీసిన లెక్క యది. బెజవాడ మే నెల యెండలో ఏసీ వేసికొని, నలుగురము గూర్చుండి, హైవేమీద గంటకు ఎనుబది కిలోమీటర్ల వేగముతో బోవునప్పటి లెక్క వేఱు. మూడు నెలలు నడపిన పిమ్మట మాకు దేలినదేమనగా, నిండు చార్జికి మా కారు రెండువందల కిలోమీటర్లు నడచును. పెండ్లిచూపులనాడు చెప్పిన జీతమునకును, నెలాఖరున నింటికి వచ్చు జీతమునకును ఉన్నంత భేదము! అయినను ఇంటికి వచ్చినదానితో సంసారము గడుపుట మనకు దెలియని విద్య గాదు. నూటికి ఒక వంతు చార్జికి రెండు కిలోమీటర్లని లెక్క కట్టుకొని, ఊరిలో దిరుగుటకు దిగులు లేకుండ నలవాటు పడితిని.

ఇంటిలో చార్జి చేసికొనుట సులభము. కారు నిలుపుచోట గోడకు పదిహేను ఆంపియర్ల ప్లగ్గు పెట్టించితిమి. బ్యాటరీ 30 యూనిట్లు పట్టును. గంటకు మూడు యూనిట్ల వంతున, రాత్రి తొమ్మిదింట బెట్టిన తెల్లవాఱునప్పటికి నిండును. నాకిది రాత్రివేళ మినపపప్పు నానబోయుటవంటి పనియైనది. మఱచితినా, మఱునాడు ఇడ్లీయు లేదు, కారును లేదు. ఖర్చు మాట యందురా, యూనిటు పది రూపాయలనుకొన్నను 200 కిలోమీటర్లకు 300 రూపాయలు. లీటరుకు పదిహేను కిలోమీటర్లు నడచు పెట్రోలు కారున కదే దూరమునకు 1,450 రూపాయలకు పైనగును.

పొగలేని బండి యని గర్వపడుటకు మాత్రము నాకు నోరు రాదు. మా నగరమునకు ఎగువను ఇబ్రహీంపట్నముకడ నార్ల తాతారావు థర్మల్ విద్యుత్కేంద్రమున్నది. 1979లో మొదటి యంత్రము నడచినది మొదలు 2023లో వచ్చిన 800 మెగావాట్ల యెనిమిదవ యంత్రము వఱకు గలిపి దాని శక్తి 2,560 మెగావాట్లు. అచ్చట గాలునది బొగ్గు. మా వీథిలో పొగ తగ్గినమాట నిజమే. అచ్చటి పొగయు బూడిదయు నా చుట్టుపట్ల గృహిణుల ముంగిళ్లలో బడుచున్న మాటయు నిజమే. ఎండతోను గాలితోను బుట్టు కరెంటు పెరిగినకొలదిగాని మన మీ ఋణము తీర్చుకొనజాలము.

ఇక ప్రయాణకారణము చెప్పెదను. మా యత్తగారి పుట్టినిల్లు దివిసీమలో కోడూరు దరినున్న యొక పల్లె. 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీ శనివారమునాడు ఉప్పెన వచ్చి యా సీమను ముంచినప్పుడు, అత్తగారికి పెండ్లియై యొక్క సంవత్సరమైనది. విజయవాడలో నుండిరి. ఆనాటి తుపానులో పదివేలమంది వఱకు మరణించిరి. వారిలో అత్తగారి తల్లియు, పదేండ్ల తమ్ముడును ఉన్నారు. పుట్టింటి వార్త తెలియుటకే యైదు దినములు పట్టినదట. అప్పటినుండి యేటేట ఆ తేదీకి బోయి, సంగమమున స్నానము చేసి, ఆ యిద్దఱి పేర దీపము విడిచి వచ్చుట వారి నియమము. బస్సులు మాఱుచు, ఆటోలెక్కుచు నలువదియైదేండ్లు తప్పక పోయిరి. 2023లో మోకాళ్లు మొరాయించినవి. "ఈ యేడు పోలేనేమో అమ్మాయీ" అని దసరానాడు నాతో అనిరి. వారి కంఠమున నెన్నడు విననంత నిరాశ వింటిని. "కారున్నది గదా అత్తయ్యగారూ, నేను దీసికొనిపోయెదను" అని మాట యిచ్చితిని.

నవంబరు 18వ తేదీ శనివారము మధ్యాహ్నము బయలుదేఱవలెనని నిశ్చయము. ముందుదినము మావారు కారులో గుంటూరు పోయి వచ్చి రాత్రి ప్లగ్గు పెట్టిరి. నడిరేయి మా వీథిలో కరెంటు పోయి చాలసేపటికిగాని రాలేదు. తెల్లవాఱి చూచునప్పటికి నూటికి 74 చూపుచున్నది. పూజాద్రవ్యములకై నేను వన్‌టౌనుకు బోయి వచ్చితిని. బయలుదేఱునప్పటికి 70. అనగా 140 కిలోమీటర్లు. పోవుటకు జాలును, వచ్చుటకు జాలదు. ఫోనులోని యాప్ మాత్రము దారిలో రెండుచోట్ల చార్జింగు స్టేషన్లు చూపుచున్నది. "దారిలో పెట్టుకొనవచ్చునులే" అని మావారనిరి, నేనును సరేయంటిని. మా డబ్బాలోని బియ్యము గాక, పొరుగింట దొరకునను బియ్యమును నమ్ముకొని యెసరు పెట్టినట్లైనది. ఇదియే నా పొరపాటు.

మావారికి సెలవు దొరకలేదు. నేను నడుపుచుండ, ప్రక్కను పండ్రెండేండ్ల మా అబ్బాయి, వెనుక అత్తగారు. బెంజిసర్కిలు దాటి పటమట, పోరంకి, పెనమలూరు, కంకిపాడుల మీదుగా బందరురోడ్డున బోయితిమి. ఇది పూర్వము పడవలు నడచిన సీమ. విజయవాడకడ కృష్ణకు గట్టిన ఆనకట్ట 1855లో ముగిసిన పిమ్మట కాలువలు పొలములకు నీరును, బందరుకు పడవలను గూడ దీసికొనిపోయినవి. ఆ ఆనకట్ట స్థానమున నేడున్న ప్రకాశము బ్యారేజి 1957లో పూర్తియైనది. కాలువలో నీరు తగ్గిన పడవ నిలిచిపోవునట్లు, మా బండికిని బ్యాటరీలో కరెంటు తగ్గిన నంతే. అత్తగారీ మాట విని, "దివిసీమవారము, కాలువ చివరవారము. నీరు మాకు వచ్చునంతవఱకు వచ్చినట్లు కాదమ్మాయీ" అనిరి. అప్పుడా మాట నా మనస్సున కెక్కలేదు.

ఉయ్యూరు దాటితిమి. చెఱకు బండ్లు, కోతకు వచ్చిన వరిచేలు, గట్లవెంట కొబ్బరిచెట్లు చూచుచు బోవుచుంటిమి. పామఱ్ఱు దగ్గఱ మొదటి చార్జింగు స్టేషను. పోయి చూడగా యంత్రము ముఖము నల్లగా నున్నది. దాని నీడను నొక కుక్క నిదురించుచున్నది. కావలివాడు వచ్చి, "నాలుగు దినములైనదమ్మా. బాగుచేయువారు రేపు వచ్చెదమనిరి, ఆ రేపు రాలేదు" అని చెప్పెను. కేంద్ర విద్యుచ్ఛాఖవారు 2018 డిసెంబరులో వెలువరించిన నియమావళిలో నగరములందు మూడు కిలోమీటర్ల చదరమునకు ఒకటి, హైవేలమీద ఇరువదియైదు కిలోమీటర్లకు ఒకటి చొప్పున చార్జింగు స్టేషన్లుండవలెనని యున్నది. స్టేషను ఉండుట వేఱు, అది పనిచేయుట వేఱు అని యచ్చట దెలిసినది.

పామఱ్ఱుకడ బందరురోడ్డును విడిచి కూచిపూడి మీదుగా చల్లపల్లికి బోయితిమి. సిద్ధేంద్రయోగి పేరు చెప్పుకొను ఆ కూచిపూడి వీథిలో చిన్నపిల్లలు గజ్జెలు చేతబట్టుకొని నాట్యశాలకు బోవుచుండిరి. దిగి చూడవలెనని మనస్సు లాగినను కాలము చాలదని సాగిపోతిని. చల్లపల్లి దాటి మోపిదేవి సమీపమున నొక హోటలు ఆవరణలో రెండవ స్టేషను. అప్పటికి మా చార్జి నూటికి 29. యంత్రము పనిచేయుచున్నది, ప్రాణము లేచివచ్చినది! కాని దానికి మఱియొక కారు తగిలించి యున్నది. ఉన్నది ఒక్కటే తీగె.

అరగంట చెట్టుక్రింద కూర్చుంటిమి. ఆ వేళ మా అబ్బాయి తాను పుస్తకములో జదివిన కథ యొకటి నాయనమ్మకు జెప్పెను. మీకును జెప్పదగినదే. మోటారు కారును నిర్మించిన కార్ల్ బెంజి భార్య పేరు బెర్తా. 1888 ఆగస్టులో ఆమె భర్తకు జెప్పకుండ, ఇద్దఱు కుమారులను వెంటబెట్టుకొని, జర్మనీదేశమున మాన్‌హైమునుండి ఫోర్జ్‌హైములోనున్న తన పుట్టింటికి ఆ కారులో బోయినది. దూరము సుమారు 105 కిలోమీటర్లు. అప్పటికి లోకమున పెట్రోలు బంకన్నది లేదు. దారిలో వీస్లోఖ్ అను నూరిలో మందులషాపునకు బోయి, బట్టలమీది మరకలు తీయుటకు వాడు ద్రవమును కొని కారులో బోసికొన్నది. ఇంధనపు గొట్టమునకు నలుసు అడ్డుపడిన టోపీసూదితో బొడిచి తీసినది. బ్రేకులరిగిన చెప్పులు కుట్టువానిచేత తోలు వేయించినది. ఆ ప్రయాణము చూచినపిమ్మటగాని మోటారు కారు దూరము పోగలదని జనులు నమ్మలేదు. "ఆమెయు పుట్టింటికే పోయినదా!" అని మా యత్తగారు మిక్కిలి సంతోషించిరి. కరెంటు కారును స్త్రీలకు గొత్తది కాదు. పెట్రోలు కార్లను లోకమంతట నింపిన హెన్రీ ఫోర్డు భార్య క్లారా 1914వ సంవత్సరపు డెట్రాయిట్ ఎలక్ట్రిక్ అను కరెంటు కారును దాను నడపుకొనెడిది. ఆనాడు పెక్కు పెట్రోలు కార్లను చేతితో ద్రిప్పుడుకమ్మి వేసి లేపవలసియుండెను. కరెంటు కారున కా శ్రమ లేదు.

ఇంతలో ఆ కారు యజమాని భోజనము ముగించి వచ్చెను. వెనుకసీటులో నిండుచూలాలైన యాయన కూతురు పండుకొనియున్నది. "తెనాలి ఆస్పత్రికి బోవలెనమ్మా. పండ్రెండు వంతులతో ఇచ్చటికి జేరితిమి. ఇంక ముప్పావుగంటయైన నుంచనిండు" అని చేతులు జోడించెను. ఆయన కూతురు కన్నులు మూసికొనియే మా మాటలు వినుచున్నట్లు తోచినది. పొద్దు గ్రుంకుచున్నది. ఏమనవలెనో నాకు దోచలేదు. అత్తగారే అనిరి: "వారిని పోనిమ్ము అమ్మాయీ. మనకు ముందు మనవారున్నారు. వారికి ముందున్నది ఆస్పత్రి."

అట్లు చార్జి లేకయే బయలుదేఱితిమి. అవనిగడ్డకడ ఉప్పెన మృతుల స్మారకస్తంభమునకు దూరమునుండియే నమస్కరించి కోడూరు దారి పట్టితిమి. చీకటి పడినది. రోడ్డున కిరువైపుల రొయ్యల చెఱువులు. వానిలో ఏరియేటర్లు నీటిని చిలుకు చప్పుడు తప్ప మనుష్యుల యలికిడి లేదు. ఏసీ తీసివేసితిని. వేగమును గంటకు నలువదికి దగ్గించితిని. "ఇరువది... పందొమ్మిది..." అని మా అబ్బాయి పైకి చదువుచుండ, "ఊరకుండుము నాయనా" అని కసరితిని. అత్తగారికి సంగతి చెప్పలేదు. మధ్యదారిలో బండి నిలిచిన, మోకాళ్ల నొప్పులతో నున్న డెబ్బదికి దగ్గఱపడిన మనిషిని ఈ చీకటిలో నేమి చేయుదును? తెల్లవాఱిన నాటి తిథికి వారిని సంగమమునకు జేర్చెదనని మాట యిచ్చినది నేను గదా!

వారు మాత్రము నాకంటె ముందే గ్రహించియుండిరి. మెల్లగా ముందునకు వంగి, "ఆనాడు ఐదవదినమున లారీలో అవనిగడ్డ వఱకు వచ్చితిని. అచ్చటినుండి నడచితిని. రోడ్డు లేదు, చెట్టు లేదు, దారి చెప్పు మనిషి లేడు. ఈనాడు ప్రతి చెఱువు గట్టున దీపమున్నది చూడుము. బండి నిలిచిన నిలువనిమ్ము" అనిరి. ఆ మాటతో నా చేతుల వణకు తగ్గినది. నూటికి 16 మిగిలియుండ ఇల్లు చేరితిమి.

ఆ యిల్లు అత్తగారి పినతండ్రి కుమారునిది. నాకు బాబాయిగారు. ఆయనకు నాలుగు రొయ్యల చెఱువులున్నవి. కాళ్లు కడుగుకొనకమునుపే నేను కారు తీగెను వరండాలోని పెద్ద ప్లగ్గులో బెట్టితిని. తీగె నడుమనున్న పెట్టెపై ఎఱ్ఱదీపము వెలిగినది. వంటయింటిలో బెట్టితిని, ఎఱ్ఱదీపమే. బావికడ మోటారు ప్లగ్గులో బెట్టితిని, అదియు నెఱ్ఱదీపమే. "ఫ్రిజ్జు నడచుచున్నది, మోటారు నడచుచున్నది. మీ బండికే యేమి వచ్చినదమ్మా?" అని బాబాయిగారు నవ్విరి. ఆ యెఱ్ఱదీపమున కర్థము, ఇంటికి ఎర్తు లేదని. ఎర్తు లేనిచోట ఈ తీగె కరెంటును కారునకు బోనీయదు.

ఎర్తనగా నేమో ఒక్క మాటలో జెప్పెదను. ప్లగ్గులో మూడవ రంధ్రమునకు వచ్చు తీగె యింటి వెనుక భూమిలో బాతిన గొట్టమునకో పలకకో తగిలియుండును. యంత్రములో నెచ్చటనైన కరెంటు దారి తప్పి పైరేకును దాకినప్పుడు, అది భూమిలోనికి బోవుటకు ఆ తీగెయే త్రోవ. త్రోవ తెగినప్పుడు ఆ రేకును ముట్టుకొన్నవారి శరీరమే త్రోవయగును. దీపములు వెలుగుచునే యుండును, ఫ్యాన్లు తిరుగుచునే యుండును. కనుక తెగిన సంగతి యెవరికిని దెలియదు.

నేనీ మాట చెప్పుచుండగా తలుపుచాటున నున్న పిన్నిగారు ముందుకు వచ్చిరి. "బట్టలుతుకు మిషను ముట్టుకొన్నప్పుడెల్ల చేయి జిల్లుమనును. అందుకేనా అమ్మాయీ?" అని యడిగిరి. ఎన్నాళ్లనుండి యని యడుగగా రెండేండ్లనుండి యనిరి. తడిచేతులతో ముట్టుకొనక, చెప్పులు వేసికొని నెట్టుకొనివచ్చుచున్నారట. బాబాయిగారి ముఖము మాఱినది. "రెండేండ్లనుండి నాతో చెప్పలేదేమి?" అనిరి. పిన్నిగారు నెమ్మదిగా, "చెప్పితిని. చెప్పులు వేసికొమ్మంటిరి" అనిరి. ఆయన మాఱుమాట లేక లేచిపోయి, చెఱువులకడ కరెంటుపని చూచు కుఱ్ఱవానిని స్వయముగా దీసికొనివచ్చిరి.

టార్చిదీపముతో ఇంటి వెనుక వెదకగా గొట్టము కనబడినది. ఉప్పుగాలికి దాని పట్టీ తుప్పుపట్టి, తీగె పూర్తిగా దినివేయబడి తెగియున్నది. కుఱ్ఱవాడు తుప్పు గీకి, క్రొత్త రాగితీగె వేసి, పట్టీ మార్చి బిగించెను. గుంటలో రెండు బిందెల నీరు పోసిరి. రాత్రి తొమ్మిదిన్నరకు మా పెట్టెపై పచ్చదీపము వెలిగినది. పిన్నిగారు చెప్పులు విడిచి, లోపలికి బోయి, మిషనుమీద చేయి వేసి నిలుచుండిరి. జిల్లుమనలేదు. ఒక నిమిషము వఱకు ఆమె చేయి తీయలేదు.

ఆ రాత్రి చెఱువులలో ఏరియేటర్లన్నియు నడచుచుండుటచే వోల్టేజి తక్కువగా నున్నది. కారున కిచ్చు కరెంటును పది ఆంపియర్లకు దగ్గించి పెట్టితిమి. బాబాయిగారు అరుగుమీద గూర్చుండి, "మీకు దారిలో చార్జి యైపోవునను దిగులు ఒక్కనాటిది. మాకు రాత్రి రాత్రియు నదే దిగులు. చీకటిలో చెఱువునీటిలో ప్రాణవాయువు తగ్గును. కరెంటు పోయి యొక గంట ఏరియేటరు నిలిచిన, తెల్లవాఱునప్పటికి రొయ్యలు తేలిపోవును. అందుకే జనరేటరు, దానికి డీజిలు, ఆ డీజిలునకు మఱియొక డబ్బా" అని చెప్పిరి. చార్జికి మఱియొక డబ్బా లేకుండ బయలుదేఱిన నాకు సిగ్గు కలిగినది.

ఉదయ మైదింటికి చార్జి నూటికి 60 దాటినది. హంసలదీవిలో వేణుగోపాలస్వామి గుడి దాటి, పాలకాయతిప్పకు బోయి, రోడ్డు ముగిసినచోట కారు నిలిపితిమి. కార్తికమాసపు ఆదివారమగుటచే అప్పటికే జనము చేరుచున్నారు. ఇసుకలో అత్తగారిని మా అబ్బాయి ఒక చేత, నేనొక చేత పట్టుకొని నడపించితిమి. కృష్ణ యచ్చట వడి లేక, వెడల్పై, తన తొందరయంతయు దీర్చుకొన్న మనిషివలె నున్నది. నదినీటి రంగొకటి, సముద్రపు రంగొకటి. స్నానము చేసి అత్తగారు రెండు అరటిదొప్పలలో దీపములు పెట్టి విడిచిరి. చిన్నది తమ్మునిది. అది అలకు వెనుకకు వచ్చినది. మా అబ్బాయి నడుములోతు నీటిలోనికి బోయి దానిని మఱల ముందుకు ద్రోసెను. అత్తగారు చూచుచు నిలుచుండిరి. "వాడికి నీ వయస్సేరా" అని మాత్రము అనిరి.

తిరిగి బాబాయిగారింటికి వచ్చునప్పటికి చార్జి యేబది లోపునకు వచ్చినది. ఇల్లు చేరుటకు నూఱు కిలోమీటర్లు, అనగా సరిగా యేబది వంతులు కావలెను. ఇక పొరుగువారి బియ్యముమీద ఎసరు పెట్టదలపక, "మధ్యాహ్నము భోజనము చేసియే పోయెదము పిన్నిగారూ" అంటిని. నాలుగు గంటలు మఱల ప్లగ్గు పెట్టి, డెబ్బది దాటిన పిమ్మట బయలుదేఱి, దీపాలవేళకు ముందే విజయవాడ చేరితిమి. ఇంటికడ మిగిలినది ఇరువది. బస్సున వచ్చు సంవత్సరములలో గంటకంటె పుట్టింట నిలువని మా యత్తగారు, ఆ కారు తొందరపడనీయకపోవుటచే, మరదలితో నాలుగు గంటలు కూర్చుండి మాటలాడిరి.

ఇప్పుడు నేను పాటించు పద్ధతులు చెప్పి ముగించెదను. దూరప్రయాణమునకు ముందురాత్రి నిండు చార్జి లేక కదలను. అమ్మినవారు చెప్పిన దూరమును గాక, మా బండి నిజముగా నడచు దూరమును లెక్కగొని, అందులో ఐదవవంతు లేనిదానిగా నెంచుకొందును. దారిలో ఒక స్టేషను పనిచేయకున్న రెండవది యెచ్చటనో, రెండవదియు లేకున్న ఎవరి యిల్లున్నదో ముందే చూచుకొందును. స్టేషనుకు ముందుగా ఫోను చేసి కనుగొందును. బయటి స్టేషనులో యూనిటు వెల ఇంటిదానికి రెండింతలు, ఒక్కొక్కచోట నంతకుపైన నుండును. నూటికి ఎనుబది దాటిన తరువాత అచ్చటి యంత్రము మెల్లగా నింపును. కనుక అంతటితో తీసి, వెనుక వేచియున్నవారికి చోటిత్తును. వారిలో నెవరు ఆస్పత్రికి బోవుచున్నారో మనకు దెలియదు గదా!

వారము తిరుగకమునుపే పిన్నిగారు ఫోను చేసిరి. తమ యిల్లు చూచి ఇరుగుపొరుగున నాలుగిండ్లవారు ఎర్తు తీగెలు చూపించుకొనగా, రెండిండ్లలో అవియు దెగియున్నవట. సోదరీమణులారా, మీరు కరెంటు కారు కొన్నను గొనకున్నను, మీ యింటి యెర్తును ఒకమారు తెలిసినవానిచేత చూపించుడు. వీలైన ముప్పది మిల్లియాంపియర్లకే కరెంటును ద్రుంచివేయు ఆర్‌సీసీబీ అను చిన్న స్విచ్చును మీటరు పెట్టెకడ పెట్టించుడు. మీ యింట నెవరైన, దాసీదైనను సరే, యంత్రము ముట్టుకొన్న చేయి జిల్లుమనుచున్నదని చెప్పిన, చెప్పులు వేసికొమ్మని మాత్రము చెప్పకుడు.